ఇంజనును ఆపి పట్టే బారెడు తాడు

మొరాయించిన నట్టును విప్పడానికి బండబలం కన్న ఉపాయం మిన్న. చిన్న ఇంజన్ల మరమ్మతులో తరతరాలుగా చేతులు మారుతూ వచ్చిన ఒక కిటుకు, దాని వెనుక ఉన్న యంత్రశాస్త్రం, దానిని ప్రయోగించేవారు మరువకూడని జాగ్రత్తలు.

ప్రత్తి చేలో పురుగు కనిపించిన రెండవ రోజునో మూడవ రోజునో వీపున మోసే మందు యంత్రం ఆగిపోతే రైతు పడే యాతన ఇంతా అంతా కాదు. పురుగు ఎవరికోసమూ ఆగదు. యంత్రాన్ని పట్టణంలోని షెడ్డుకు తెస్తే, మెకానిక్ దానిని విప్పి చూసి, పెద్ద లోపమేమీ లేదంటాడు. ఫ్లైవీల్ వెనుక ఉన్న ఆయిల్ సీల్ అరిగిపోయింది. అరచేతిలో ఇమిడే ఆ రబ్బరు వలయాన్ని మార్చితే యంత్రం మళ్ళీ కొత్తదానిలా పనిచేస్తుంది. కాని ఆ సీల్‌ను చేరుకోవాలంటే ఫ్లైవీల్ ఊడదీయాలి. ఫ్లైవీల్ ఊడాలంటే దాని నడిమి నట్టు విప్పాలి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. పానా వేసి త్రిప్పితే నట్టు విడిపోదు సరికదా, దానితోపాటు ఇంజను మొత్తం గిర్రున తిరుగుతుంది.

ఇది ఒక్క మందు యంత్రానికి వచ్చే ఇబ్బంది కాదు. పాత స్కూటరుకు, మోపెడ్‌కు, కరెంటు పోయినప్పుడు దుకాణం ముందు రొద పెట్టే చిన్న జనరేటరుకు, కొడగు కాఫీ తోటల్లోని చెట్టు కోసే రంపానికి, నీలగిరి తేయాకు తోటల్లోని కత్తిరింపు యంత్రానికి, అన్నింటికీ ఇదే సమస్య. దీనికి విరుగుడు కూడా ఒక్కటే. అది ఖరీదైన పరికరమేమీ కాదు. బారెడు మెత్తని తాడు.

తిరగడమే దాని స్వభావం

ఇంజను నిర్మాణం ఒకసారి జ్ఞాపకం చేసుకుంటే సమస్య సులభంగా బోధపడుతుంది. సిలిండరులో పైకీ క్రిందికీ కదిలే పిస్టన్‌ను ఒక కడ్డీ క్రాంక్ ఇరుసుకు కలుపుతుంది. పిస్టన్ ఎక్కి దిగితే ఇరుసు తిరుగుతుంది. ఇరుసు తిరిగితే పిస్టన్ ఎక్కి దిగుతుంది. ఈ రెండింటి బంధం విడదీయరానిది. ఇరుసు ఒక కొసన ఫ్లైవీల్, రెండవ కొసన క్లచ్చో గేరు చక్రమో ఉంటాయి. వాటిని పట్టి ఉంచేవి నట్లు.

రెండు ఘాతాల ఇంజన్లకు ఈ సరళ రూపం వచ్చి నూరేళ్ళు దాటింది. ఇంగ్లండులోని బాత్ నగరానికి చెందిన జోసెఫ్ డే 1891లో పేటెంటు పొందిన ఇంజనులో, సిలిండరు గోడకున్న రంధ్రాలను పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది.  మన దేశంలో 1972లో వచ్చిన బజాజ్ చేతక్ స్కూటరు, అదే ఏడు వచ్చిన లూనా మోపెడ్ ఆ వంశానికి చెందినవే. కాలుష్య నియమాలు కట్టుదిట్టమైన కొద్దీ రెండు ఘాతాల బండ్లు క్రమంగా తయారీనుండి తప్పుకున్నాయి. చేతక్ పేరు 2020లో విద్యుత్ స్కూటరుగా తిరిగి వచ్చింది. అయినా తాతల కాలంనాటి బండిని ప్రాణప్రదంగా చూసుకొనేవారు ఊరూరా ఉన్నారు. చిన్న రంపాలలో, మందు యంత్రాలలో రెండు ఘాతాల ఇంజను నేటికీ సేవ చేస్తూనే ఉంది.

విప్పుతున్నప్పుడు ఇరుసు తిరగకుండా ఉండాలంటే దానిని ఎక్కడో ఒకచోట పట్టి ఆపాలి. బయటనుంచి పట్టుకోవడానికి సరైన చోటు దొరకదు. లోపలనుంచి పట్టుకోవడానికి ఒక చక్కని చోటు ఉంది. అదే పిస్టన్.

నట్టు ఎందుకు మొండికేస్తుంది?

నట్టు మొండికేయడానికి కారణాలు అనేకం. మొదటిది తుప్పు. ఇనుము తుప్పుగా మారినప్పుడు మునుపటికన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల మధ్య ఉన్న సన్నని సందులో అలా ఉబ్బిన తుప్పు మేకు కొట్టినట్లు బిగుసుకుంటుంది. ఎరువులు, పురుగు మందులు, సముద్రపు గాలి ఈ పనిని త్వరితం చేస్తాయి. రెండవది వేడి. అల్యూమినియం వేడికి ఉక్కుకన్న సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఈ రెండు లోహాలు కలిసే చోట, వేడెక్కి చల్లారే ప్రతిసారీ ఒరిపిడి తప్పదు. మూడవది మనుషుల తప్పిదం. లోగడ విప్పినవారు గట్టిగా ఉండాలన్న ఆదుర్దాతో అవసరానికి మించి బిగించి ఉంటారు. కొన్నిచోట్ల మరలకు అంటుకొని గట్టిపడే ద్రవాన్ని తయారీదారులే పూస్తారు.

ఇలాంటి నట్టుకు మొదటి వైద్యం ఓర్పు. తుప్పు వదిలించే నూనె వేసి కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రి నానబెట్టాలి. ఆపై నట్టుకు అచ్చంగా సరిపోయే సాకెట్ పానాతో ప్రయత్నించాలి. అరిగిన పానా నట్టు మూలలను గుండ్రంగా చెక్కివేస్తుంది. అప్పుడు ఒక సమస్య రెండవుతుంది.

గాలి కంప్రెసరుతో పనిచేసే ఇంపాక్ట్ పానా ఉన్న షెడ్డులో ఇరుసును పట్టి ఆపవలసిన పని చాలాసార్లు రాదు. ఆ పరికరం ఒకే బిగిన త్రిప్పక, క్షణానికి ఎన్నో చిన్న దెబ్బలు వేస్తుంది. ఫ్లైవీల్ తన బరువు మూలాన ఆ దెబ్బకు కదలేలోపునే నట్టు కదులుతుంది. కాని ఆ వసతి ప్రతి షెడ్డులోనూ ఉండదు, ప్రతి ఇంటిలో అసలే ఉండదు.

చెడగొట్టే దారులు

ఇరుసును ఆపడానికి తొందరపాటులో చేసే పనులు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది ఫ్లైవీల్ రెక్కల మధ్య స్క్రూడ్రైవరు దూర్చడం. ఆ రెక్కలు ఇంజనును చల్లబరచే గాలిని విసిరేందుకు పోతపోసినవి, బరువు ఆపేందుకు కావు. ఒక రెక్క విరిగితే ఫ్లైవీల్ సమతూకం పోతుంది. నిమిషానికి 5,000 చుట్లు తిరిగే చక్రంలో ఆ కొద్ది తేడాయే అదురుగా మారి బేరింగులను తినివేస్తుంది.

రెండవది ప్లగ్గు రంధ్రంలోనుంచి స్క్రూడ్రైవరో ఇనుప చువ్వో దింపి పిస్టన్‌ను ఆపడం. ఇది మొదటిదానికన్న ప్రమాదకరం. పిస్టన్ అల్యూమినియం మిశ్రమలోహంతో చేసినది. ఉక్కు మొన ముందు అది మెత్తని లోహమే. చువ్వ మొన పిస్టన్ తలను గుంట చేస్తుంది, ఒక్కోసారి చిల్లి పెడుతుంది. చువ్వ పక్కకు ఒరిగితే ప్లగ్గు మరలు చెడిపోతాయి. సిలిండరు గోడ గీరుకుపోతుంది. చవకైన సీల్ మార్చడానికి తెచ్చిన ఇంజనుకు చివరకు కొత్త పిస్టను, కొత్త సిలిండరు వేయవలసి వస్తుంది.

మూడవది పానా పట్టుకొని సుత్తితో మోదడం. ఇరుసు ఆగక తిరుగుతుంటే దెబ్బలో సగం వృథా అవుతుంది. మిగిలిన సగం బేరింగుల మీద పడుతుంది.

తాడు చేసే పని

ప్లగ్గు తీసివేసి, ఆ రంధ్రంలోనుంచి మెత్తని తాడును సిలిండరులోకి కొద్దికొద్దిగా దింపితే అది పిస్టన్ తలమీద చుట్టలు చుట్టుకొని పడుతుంది. ఆ తరువాత ఇరుసును నెమ్మదిగా త్రిప్పితే పిస్టన్ పైకి లేచి, తాడును సిలిండరు కప్పుకు అదుముతుంది. తాడు నలిగి, మెత్తని దిండులా గట్టిపడి, పిస్టన్‌ను ఆపివేస్తుంది. పిస్టన్ ఆగితే కడ్డీ ఆగుతుంది. కడ్డీ ఆగితే ఇరుసు ఆగుతుంది. ఇక పానాకు ఇచ్చిన బలమంతా నట్టుకే చెందుతుంది.

తాడు గొప్పతనం దాని మెత్తదనంలోనే ఉంది. అది పిస్టన్ తల ఆకారానికీ, సిలిండరు కప్పు ఆకారానికీ తానే ఒదిగిపోతుంది. బలాన్ని ఒక మొన మీద గుచ్చక, తల వైశాల్యమంతటా పరుస్తుంది. ఇదే పనికి ప్లగ్గు స్థానంలో బిగించే పిస్టన్ స్టాపులు కూడా ఉన్నాయి. వాటిలో ప్లాస్టిక్‌వి కొంత మేలు. లోహపు స్టాపు మొన సన్ననిదైతే దానికీ ఇనుప చువ్వకూ తేడా తక్కువ.

లెక్క ఏమంటుంది?

చేతక్ వంటి స్కూటరు ఇంజనునే ఉదాహరణగా తీసుకుందాం. దాని సిలిండరు వ్యాసం 57 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం కూడా 57 మిల్లీమీటర్లే. అంటే క్రాంక్ వ్యాసార్ధం 28.5 మిల్లీమీటర్లు. పిస్టన్ తల వైశాల్యం సుమారు 25.5 చదరపు సెంటీమీటర్లు. మెకానిక్ 30 సెంటీమీటర్ల పిడి ఉన్న పానాను 20 కిలోల బలంతో లాగాడనుకుందాం. అప్పుడు పిస్టన్ తాడును ఎంత బలంతో నొక్కుతుంది?

అది పిస్టన్ ఎక్కడ ఆగిందన్న దానిపై ఆధారపడుతుంది. పై కొసకు ఇంకా 90 డిగ్రీల దూరంలో క్రాంక్ ఉన్నప్పుడు ఆగితే, ఆ బలం సుమారు 210 కిలోలు. 45 డిగ్రీల దూరంలో ఆగితే సుమారు 250 కిలోలు. 30 డిగ్రీల దూరంలో సుమారు 340 కిలోలు. 10 డిగ్రీల దూరంలో మాత్రం 950 కిలోలకు చేరుతుంది. కడ్డీ పొడవునుబట్టి ఈ అంకెల్లో కొద్ది తేడాలు రావచ్చు. సారాంశం మారదు. పిస్టన్ పై కొసకు చేరువైనకొద్దీ క్రాంకూ కడ్డీ ఒకే గీతలోకి వస్తాయి. అప్పుడు చేతి చిన్న బలం కూడా లోపల అపారమైన ఒత్తిడిగా మారుతుంది.

ఇందులోనుంచి పనికివచ్చే సూత్రం ఒకటి లభిస్తుంది. తాడు చాలినంత ఉండాలి. పిస్టన్ పై కొసకు ఒక సెంటీమీటరు క్రిందనే ఆగాలి. ఈ ఇంజనులో అది దాదాపు 45 డిగ్రీల స్థానం. అక్కడ 250 కిలోల బలం 25.5 చదరపు సెంటీమీటర్ల మీద పరచుకుంటే చదరపు సెంటీమీటరుకు పడేది 10 కిలోలు మాత్రమే. ఇంజను భారంతో నడుస్తున్నప్పుడు లోపల మండే వాయువులు ఆ తలమీద ఇంతకు మూడింతల ఒత్తిడిని కలిగిస్తాయి. రోజంతా ఆ భారాన్ని ఓర్చే పిస్టన్‌కు తాడు ఒత్తిడి ఒక లెక్కలోనిది కాదు.

అదే 250 కిలోల బలం 6 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం గల స్క్రూడ్రైవరు కొసమీద పడితే? చదరపు సెంటీమీటరుకు 4,000 కిలోలు దాటుతుంది. అంత ఒత్తిడికి అల్యూమినియం నిలువలేదు. తాడుకూ చువ్వకూ ఉన్న తేడా ఈ రెండు అంకెల మధ్య ఉంది.

పద్ధతి

పని మొదలుపెట్టేముందు ఇంజను పూర్తిగా చల్లారాలి. వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గు విప్పితే అల్యూమినియం మరలు దెబ్బతినవచ్చు. ప్లగ్గు తీగను దూరంగా తొలగించాలి. పెట్రోలు కుళాయి కట్టివేయాలి. ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టిని ఊదివేసి ఆ తరువాతనే విప్పాలి. లేకపోతే ఆ ఇసుకంతా సిలిండరులోకి జారుతుంది.

తాడు ఎంపికలో అలసత్వం పనికిరాదు. రంధ్రంలో సులువుగా దిగేంత సన్నగా, నలిగినా తెగనంత గట్టిగా ఉండాలి. 14 మిల్లీమీటర్ల ప్లగ్గు ఉన్న ఇంజనుకు 5, 6 మిల్లీమీటర్ల మందపు అల్లిక తాడు చక్కగా సరిపోతుంది. చిన్న ప్లగ్గు ఉంటే ఇంకా సన్ననిది తీసుకోవాలి. ఇంజను స్టార్టు చేయడానికి లాగే నైలాను తాడు శ్రేష్ఠం. కొబ్బరి పీచు తాడు, పురికొస, పోగులు ఊడే పాత నూలు తాడు వద్దు. తెగిన పోగు ఒక్కటి లోపల మిగిలినా అది పిస్టన్ రింగుల సందున చేరి బాధిస్తుంది. లోపలకు పోయే కొసను కాల్చి మొద్దుగా చేయాలి. బయట మిగిలే కొసకు పెద్ద ముడి వేయాలి. ఆ ముడి లేకపోతే తాడు మొత్తం లోపలికి జారి, సిలిండరు తల విప్పితేగాని రాని పరిస్థితి దాపురిస్తుంది.

రెండు ఘాతాల ఇంజనులో మరొక జాగ్రత్త ఉంది. సిలిండరు గోడకు రంధ్రాలుంటాయని చెప్పుకున్నాం. పిస్టన్ క్రింద ఉన్నప్పుడు తాడు వేస్తే, దాని మెలిక ఒకటి ఆ రంధ్రంలోకి జారవచ్చు. పైకి లేచే పిస్టన్ అంచు కత్తెరలా దానిని తెంపుతుంది. కాబట్టి పిస్టన్ సగానికి పైగా ఎక్కి, రంధ్రాలన్నింటినీ మూసివేసిన తరువాతనే తాడు దింపాలి. టార్చి వేసి ప్లగ్గు రంధ్రంలోనుంచి చూస్తే పిస్టన్ ఎక్కడున్నదీ తెలుస్తుంది.

తాడు నిండిన తరువాత నట్టును ఏ దిక్కుగా విప్పాలో, ఇరుసును ఆ దిక్కుగానే చేతితో త్రిప్పాలి. పిస్టన్ మెత్తగా తగిలి ఆగుతుంది. అప్పుడు పానా వేసి, దెబ్బలు లేకుండా, నిలకడగా లాగాలి. నట్టు కదలగానే చేతికి తెలుస్తుంది.

మర ఏ దిక్కు?

ఇక్కడ ఎందరో పొరబడతారు. సాధారణంగా నట్లు కుడి మరవి. గడియారపు ముళ్ళకు ఎదురుగా త్రిప్పితే విడిపోతాయి. చాలా ఫ్లైవీల్ నట్లు ఈ జాతివే. కాని చెట్లు కోసే రంపాలలో అత్యధికభాగానికి క్లచ్ ఎడమ మర మీద ఉంటుంది. రంపం నడిచేటప్పుడు గొలుసు బరువు క్లచ్‌ను ఇరుసుకు ఎదురుదిక్కుగా నెడుతుంది. కుడి మర అయితే అది పని మధ్యలో విడిపోయేది. ఎడమ మర కాబట్టి పని చేసినకొద్దీ బిగుస్తుంది. దానిని విప్పాలంటే గడియారపు ముళ్ళ దిక్కుగానే త్రిప్పాలి. కొన్ని క్లచ్‌ల మీద విప్పే దిక్కును బాణం గుర్తుతో చెక్కి ఉంచుతారు. ఆ గుర్తు చూడకుండా, తాడు పెట్టాను కదా అని ధీమాగా ఎదురుదిక్కుకు బలం ప్రయోగిస్తే నట్టు విడిపోదు. ఇంకా బిగుస్తుంది, లేదా మర తెగుతుంది. తాడు ఇరుసును ఆపుతుందే కాని తప్పు దిక్కును ఆపలేదు.

నాలుగు ఘాతాల ఇంజనుతో మరింత భద్రం

జనరేటర్లలోను, నేటి మోటారు సైకిళ్ళలోను ఉన్న నాలుగు ఘాతాల ఇంజనులో గోడ రంధ్రాలు లేవు. వాటికి బదులు తలమీద వాల్వులున్నాయి. ఈ ఇంజనులో పిస్టన్ రెండు చుట్లకు రెండుమార్లు పై కొసకు వస్తుంది. ఒకసారి వాల్వులు రెండూ మూసి ఉంటాయి. అది గాలిని కుదించే ఘాతం చివర. మరొకసారి పొగ పోయే ఘాతం చివర, రెండు వాల్వులూ కొద్దిగా తెరచి ఉంటాయి. ఈ రెండవ సందర్భంలో తాడు పెట్టి నొక్కితే వాల్వు కాడ వంగిపోవచ్చు.

కనుక పిస్టన్ కుదింపు ఘాతంలో ఉందని రూఢి చేసుకోవాలి. అందుకు పరికరం అక్కరలేదు. ప్లగ్గు రంధ్రం మీద బొటనవ్రేలు ఉంచి ఇంజనును నడిచే దిక్కుగా నెమ్మదిగా త్రిప్పితే, కుదింపు మొదలవగానే గాలి వ్రేలిని పైకి తన్నుతుంది. నట్టు విప్పే దిక్కు ఇంజను నడిచే దిక్కే అయితే, పిస్టన్ పై కొసకు చేరేముందే ఆపి తాడు వేయాలి. ఎదురు దిక్కు అయితే, అదే ఘాతంలో పిస్టన్‌ను పై కొస దాటించి, కాస్త క్రిందికి దిగనిచ్చి తాడు వేయాలి. తరువాత వెనుకకు త్రిప్పితే అది మళ్ళీ ఎక్కివచ్చి తాడును అదుముతుంది. రెండు సందర్భాలలోనూ వాల్వులు మూసే ఉంటాయి.

ఇదే తాడు మరో పనికీ ఉపయోగపడుతుంది. తల విప్పకుండా వాల్వు స్ప్రింగు మార్చవలసివస్తే, స్ప్రింగు తీయగానే వాల్వు సిలిండరులోకి జారిపోయే ప్రమాదముంది. కుదింపు ఘాతంలో తాడు నింపి పిస్టన్‌ను పైకి తెస్తే, తాడే క్రిందనుంచి వాల్వులను వాటి పీటలకు ఆనించి పట్టుకుంటుంది. స్ప్రింగు తీసి కొత్తది వేసేవరకు వాల్వు కదలదు.

షెడ్డులో సాగే పాఠం

ఈ విద్య పుస్తకాలలో కన్న మెకానిక్ షెడ్డులలోనే ఎక్కువగా బ్రతికింది. హైదరాబాదులో పని నేర్చుకొనే కుర్రవాడికి గురువు ఉస్తాద్. ఆ ఉస్తాదుకూ కుర్రవాడికీ మధ్య ఇలాంటి మాటలు ఎన్నో షెడ్డులలో నడచి ఉంటాయి.

“ఉస్తాద్, తాడు కోసం ఎంతసేపు దేవులాడాలె? స్క్రూడ్రైవర్ పెడితే నిమిషంల అయిపోతది.”

“నిమిషంలనే అయిపోతది బేటా, పిస్టన్ గూడ అయిపోతది. గిరాకీ బండి మన చేతుల పెట్టి పోయిండు. లోపల ఏం చేసినమో ఆయనకు కనపడదు. మనకు కనపడుతది.”

కంటికి కనిపించని చోట పని శుభ్రంగా ఉండాలన్న ఈ నీతి వృత్తిధర్మానికి ప్రాణం. పిస్టన్ తలమీద పడిన గుంటను బండి యజమాని ఎన్నడూ చూడడు. కొన్ని నెలల తరువాత ఇంజను చెడితే, ఆ గుంట కారణమని ఎవరూ చెప్పలేరు. అక్కడ మెకానిక్‌కు సాక్షి అతడి మనస్సే. నెల జీతం లేక, రోజువారీ పని మీద బ్రతికే చిన్న షెడ్డుకు ఉన్న పెట్టుబడి ఆ నమ్మకం ఒక్కటే. అది పోతే ఏ కంపెనీ కొత్త విడిభాగమూ దానిని తిరిగి తేలేదు.

నట్టు వచ్చిన తరువాత

నట్టు విడిపోయినంత మాత్రాన ఫ్లైవీల్ చేతికి రాదు. ఇరుసు కొస కొద్దిగా కోసుగా చెక్కి ఉంటుంది. ఫ్లైవీల్ రంధ్రమూ అదే కోసుతో ఉండి, ఒకదానిలో ఒకటి దిగి బిగుసుకుంటుంది. దానిని ఊడదీయడానికి పుల్లరు వాడాలి. కొన్ని స్కూటర్లలో నట్టునే ఒక వలయంతో ఫ్లైవీల్‌లో బంధించి, విప్పుతున్నకొద్దీ అదే పుల్లరులా లాగే ఏర్పాటు ఉంది. ఏదీ లేదని ఇరుసు కొసను సుత్తితో కొడితే మరలు చితికిపోతాయి.

ఫ్లైవీల్, ఇరుసుల మధ్య అర్ధచంద్రాకారపు చిన్న ఉక్కు బిళ్ళ ఉంటుంది. చూడడానికి అల్పమైనదే అయినా, ప్లగ్గులో నిప్పురవ్వ ఏ క్షణాన పుట్టాలో ఫ్లైవీల్ స్థానాన్నిబట్టి నిర్ణయించేది అదే. అది తెగినా, జరిగినా ఇంజను స్టార్టు కాదు, లేదా వెనుకకు తంతుంది. అయితే బరువు లాగేది ఆ బిళ్ళ కాదు, శుభ్రంగా కలిసిన కోసు ముఖాల పట్టు. అందుచేత తిరిగి బిగించేముందు ఆ రెండు ముఖాలనూ నూనె, మురికి లేకుండా తుడవాలి.

బిగించేటప్పుడూ తాడు సాయం కావాలి. ఈసారి దిక్కు మారుతుంది కాబట్టి పిస్టన్ స్థానాన్ని మళ్ళీ సరిచూసుకొని తాడు వేయాలి. తయారీదారు చెప్పిన కొలతకు బలం చూపే పానాతో బిగించడం ఉత్తమం. అవసరానికి మించి బిగించడమంటే, రేపు ఈ నట్టును విప్పబోయే మరొక మెకానిక్‌కు కష్టాన్ని ఈనాడే సిద్ధం చేయడమన్నమాట.

చివరగా ఇరుసును కొద్దిగా వెనుకకు త్రిప్పి, పిస్టన్‌ను దించి, తాడును మెల్లగా బయటకు లాగాలి. గుంజకూడదు. బయటకు వచ్చిన తాడును కొసనుండి కొసవరకు పరిశీలించాలి. ఎక్కడైనా పోగు తెగి ఉంటే, ఆ ముక్క దొరికేవరకు ప్లగ్గు బిగించరాదు. తరువాత ఇంజనును చేతితో రెండు మూడు చుట్లు త్రిప్పి, ఎక్కడా అడ్డు తగలడం లేదని తెలుసుకొన్నాకనే స్టార్టు చేయాలి.

ఎక్కడ పనికిరాదు?

ఏ ఉపాయానికైనా హద్దులుంటాయి. డీజిలు ఇంజనులో ప్లగ్గు రంధ్రమే లేదు. పిస్టన్‌కూ తలకూ మధ్య ఎడమూ అతి తక్కువ. అక్కడ తయారీదారు చెప్పిన పద్ధతినే పాటించాలి. కార్ల ఇంజన్లలో క్రాంక్ బోల్టు బిగింపు చాలా ఎక్కువ. వాటికి ప్రత్యేకమైన పట్టుకొనే సాధనాలున్నాయి. తాడుతో సాహసం తగదు.

రెండు ఘాతాల చిన్న ఇంజన్లలో క్రాంక్ ఇరుసు చాలావరకు ఒకే ముక్క కాదు. రెండు బిళ్ళలను నడుమ ఒక పిన్నుతో గట్టిగా ఒత్తి కూర్చి చేస్తారు. పిస్టన్ ఆపిన పట్టు ఆ పిన్ను దగ్గర పనిచేస్తే, పానా బలం ఒక బిళ్ళ మీద పనిచేస్తుంది. పానాకు గజం పొడవు పైపు తొడిగి ఊగితే, లేదా సుత్తితో దెబ్బమీద దెబ్బ వేస్తే, ఆ కూర్పు మెలితిరిగి ఇరుసు వంకర పోవచ్చు. రెండు మూడు నిలకడైన ప్రయత్నాలకు నట్టు లొంగకపోతే ఆగడమే వివేకం. మళ్ళీ నూనె వేసి, మరునాడు చూడవచ్చు. నట్టును కొద్దిగా వేడిచేయడం కూడా ఉంది. కాని పెట్రోలు వాసన ఉన్నచోట మంట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. పైగా ఆ వేడికి సీలు, తీగచుట్టలు పాడవుతాయి. అది అనుభవజ్ఞులకు వదిలివేయవలసిన పని.

పురుగు పట్టిన చేను దగ్గర ఎదురుచూస్తున్న రైతుకు ఈ లెక్కలతో పని లేదు. సాయంత్రానికి యంత్రం నడిస్తే చాలు. ఆ సాయంత్రం రావడమా, సిలిండరు మార్చేవరకు వారం రోజులు వాయిదా పడడమా అన్నది తరచుగా ఒక చిన్న నిర్ణయం మీద ఆధారపడుతుంది. మెకానిక్ చేయి ముందుగా స్క్రూడ్రైవరు వైపు పోతుందా, మేకుకు వ్రేలాడే తాడు వైపు పోతుందా అన్నదే ఆ నిర్ణయం. షెడ్డు గోడకు అటువంటి తాడు ఒకటి కనిపిస్తే, బండిని అక్కడ నిశ్చింతగా వదిలి రావచ్చు.